బుజ్జి డెంటల్ సీటు గురించి నాన్నకు

బోస్టన్,
ఆదివారం

నాన్నా,

మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ చలి మొదలైంది.

బుజ్జి ర్యాంకుకి ఎంబీబీఎస్ రాదనీ, బీడీఎస్ అయితే విశాఖలోనే వచ్చేలా ఉందనీ, అదే తీసుకుంటానని పట్టుబట్టిందనీ అమ్మ చెప్పింది. నువ్వేమో ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పిద్దామంటున్నావట. "ఇంట్లో ఒక పళ్ల డాక్టరు చాలదా" అన్నావట. దానికి జవాబు ఫోన్లో చెప్పడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

నేను డెంటల్‌లోకి వెళ్లింది నాన్నమ్మ వల్ల. ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు, నువ్వు బాధపడతావని.

పెదజాలరిపేటలో చేపల తట్ట దించి వచ్చాక నాన్నమ్మ అరుగు మీద కూర్చుని అడ్డపొగ తాగేది కదా. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని, చేపలు కోస్తూ, మాతో మాట్లాడుతూనే. అలా అయితే సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదనేది, చీర మీద నుసి రాలదనేది. ఆ ఈడు ఆడవాళ్లు చాలామంది అలాగే తాగేవాళ్లు కాబట్టి మాకది వింతగా ఉండేది కాదు. తర్వాత కారం తినలేనని చప్పిడి గంజికి దిగింది. పంటి నొప్పే అనుకుని ఎక్కడో పన్ను పీకించారు. ఆ పన్ను పీకినాయన కాస్త తల ఎత్తించి అంగిలి చూసి ఉంటే! కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి అంగిలిలో పుండు బాగా ముదిరిపోయింది.

మూడో ఏడాది ఓరల్ పాథాలజీలో, అంటే నోటి జబ్బుల సబ్జెక్టులో, ఆ పాఠం వచ్చిన రోజు నాకు క్లాసులో కూర్చోబుద్ధి కాలేదు. గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం మిగతా ప్రపంచంలో అరుదు, మన తీరంలో ఎక్కువ. కారణం ఈ అడ్డచుట్టే. ఆ సంగతి రెడ్డి, రావు అనే ఇద్దరు డాక్టర్లు 1957లోనే రాశారు. తర్వాత డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం జిల్లా ఊళ్లలో 10,169 మందిని పరీక్షించి 1971లో అచ్చువేసింది. వాళ్లలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. నేను పుట్టకముందే పుస్తకాలకెక్కిన సంగతి మా నాన్నమ్మ నోటి దాకా ఎందుకు రాలేదని చాలా కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది, ఉండాలనే అనుకుంటాను.

ఇంటర్న్‌షిప్‌లో పూడిమడకలో క్యాంపు పెట్టినప్పుడు ఒక ముసలమ్మ కదిలే పన్ను చూపించడానికి వచ్చింది. అంగిలి చూస్తానంటే "పన్ను నొప్పంటే పైకి సూస్తావేటమ్మా" అని నవ్వింది. అంగిలంతా తెల్లబారి, మధ్యలో ఎర్రటి చుక్కలు. క్యాన్సర్‌గా మారకముందే చుట్ట మాన్పిస్తే ముప్పు తగ్గుతుంది. పక్కన కూర్చుని చాలాసేపు చెప్పాను. పన్ను సంగతి ఆ తర్వాతే చూశాను. అప్పటి నుంచీ ఎవరు ఏ నొప్పితో వచ్చినా ముందు నాలుక కింద, బుగ్గల లోపల, అంగిలి చూశాకే పంటి దగ్గరికి వస్తాను. నా పనికి నేను పెట్టుకున్న కట్టుబాటు అది. నిలబెట్టగలిగే పన్ను పీకకూడదు, అవసరం లేని క్యాపు అంటగట్టకూడదు అన్నవి కూడా ఉన్నాయి గానీ, మొదటిది మాత్రం ఇదే.

ఇక్కడ మన బీడీఎస్‌తో నేరుగా ప్రాక్టీసు చేయనివ్వరు. బోర్డు పరీక్ష రాసి, మళ్లీ కాలేజీలో చేరి డిగ్రీ తెచ్చుకోవాలి. నేను చేస్తున్నది అదే. చదివిందే మళ్లీ చదవడం కష్టంగా లేదు. క్లినిక్‌కి వచ్చే ముసలివాళ్లను చూస్తేనే కష్టంగా ఉంటుంది. అరవై అయిదు దాటినవాళ్లకు ప్రభుత్వమిచ్చే మెడికేర్‌లో మామూలు పంటి వైద్యం ఉండదు. గుండెకి, మోకాలికి చూపించుకుంటారు, నోటిని వాయిదా వేస్తారు. ఇంత డబ్బున్న దేశంలోనూ నోటి వంతు చివరికే వస్తోంది.

షిప్‌యార్డులో పైపు వెనక అతుకు అద్దంలో చూసి వేయాలని నువ్వు చెప్పేవాడివి, గుర్తుందా? పై దవడ పళ్లను నేను అలాగే చిన్న అద్దంలో చూసి చేస్తాను. చెయ్యి ముందుకు కదిపితే అద్దంలో వెనక్కి వస్తుంది. నేర్చుకునేటప్పుడు నిన్నే తలుచుకున్నాను. బుజ్జికి నీ చెయ్యి వచ్చింది నాన్నా. స్కూల్లో సుద్దముక్క మీద బ్లేడుతో బొమ్మలు చెక్కేది. బీడీఎస్ మొదటి ఏడాది మైనపు దిమ్మ మీద పళ్లు చెక్కిస్తారు. ఓపిక లేనివాళ్లు అక్కడే విసిగిపోతారు, అది విసగదు.

బీడీఎస్ అంటే సగం డాక్టరు అనుకోకు. అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ, జనరల్ మెడిసిన్, సర్జరీ అన్నీ చదవాల్సిందే. నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. డబ్బు విషయం దాచను. మొదట్లో ఎవరి క్లినిక్‌లోనో తక్కువ జీతానికి పనిచేయాలి. సొంతంగా పెట్టాలంటే కుర్చీ, కంప్రెసరు, ఎక్స్‌రే, అన్నిటికీ అప్పే. ద్వారకానగర్‌లో క్లినిక్ పక్కన క్లినిక్ ఉంది. పైచదువు ఎండీఎస్ చేస్తానంటే ఇంకో మూడేళ్లు. ఇవన్నీ దానికీ చెప్పాను. "పూడిమడకలో ఎన్ని క్లినిక్‌లున్నాయక్కా?" అంది. నేనింకేం మాట్లాడలేదు.

అది ఎంబీబీఎస్సే కావాలంటే లాంగ్‌టర్మ్‌లో తప్పకుండా చేర్పించు, ఫీజు నేను పంపిస్తాను. అది కోరనిదాని కోసం ఏడాది పోగొట్టకు. ఆప్షన్లు పెట్టే ముందు దాన్ని కూర్చోబెట్టుకుని నువ్వే అడుగు. అమ్మ చేత అడిగించొద్దు.

ఇంకొకటి. అత్త ఇంకా అడ్డపొగ మానలేదట. పన్ను నొప్పి లేదు కదా అంటుంది, వినకు. ఈ వారంలోనే ఏ డెంటల్ కాలేజీ ఓపీకైనా తీసుకెళ్లి అంగిలి చూడమని నువ్వే అడుగు. అనుమానం ఉందంటే అగనంపూడిలో హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆలస్యం చెయ్యకు. బుజ్జిని కూడా తీసుకెళ్లు, ఓపీలో ఒక పూట కూర్చుని పని ఎలా ఉంటుందో చూస్తుంది. ఏం చెప్పారో ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి, ఇక్కడ ఎంత గంటైనా ఫరవాలేదు.

నీ పెద్ద కూతురు