మద్రాస్ ట్రాక్‌కి బండి రెడీ చేయించుకునేవాళ్ళు ఒకసారి ఇది చదవండి

అందరికీ నమస్తే. పోయిన నెల మన మెకానిక్ షాపు నుంచి ఐదు బళ్ళు మద్రాస్ ట్రాక్‌కి (చెన్నై దగ్గర రేసు ట్రాక్) వెళ్ళాయి, నాలుగు శుభ్రంగా తిరిగొచ్చాయి, ఐదోదాని గురించి గ్రూపుల్లో ఎవడికి తోచింది వాడు రాస్తున్నాడు కాబట్టి నేనే చెప్పేస్తా. బండిది కాదు, తోలినవాడిదీ కాదు, తప్పు నాది.

బండి కేటీఎం ఆర్‌సీ 390, గాజువాక తమ్ముడిది. మూడో సెషన్‌లో (ట్రాక్‌లోకి విడతలుగా వదులుతారు) నాలుగు ల్యాపులు అయ్యేసరికి ముందు బ్రేక్ లివరు మెత్తబడిపోయిందంట, ఐదో ల్యాపులో స్ట్రెయిట్ చివర నొక్కితే హ్యాండిల్‌కి అతుక్కుపోయింది. 140 దాటిన స్పీడు గురూ అది. కుర్రాడు భయపడి బండి వంచెయ్యకుండా, లివరు రెండు మూడు సార్లు గబగబా కొట్టి దొరికినంత బ్రేక్ పట్టి, తిన్నగా మట్టిలోకి వదిలేశాడు. ఇంజిన్ కిందుండే కవరు, అదే బెల్లీ పాన్, పగిలింది, మనిషికి ఏం కాలేదు.

ఇంతకీ నేనేం చేశానంటే, గురువారం సాయంత్రం బండొచ్చింది, శుక్రవారం రాత్రి వ్యాన్ లోడింగ్. ప్యాడ్లు కొత్తవి వేశా, డ్రెయిన్ బోల్టుకి, ఆయిల్ ఫిల్టర్‌కి ఊడిపోకుండా సేఫ్టీ వైర్ కట్టా, కూలెంట్ తీసేసి మామూలు నీళ్ళు పోశా (కూలెంట్ కారితే ట్రాక్ మీద సబ్బు రాసినట్టే, వెనకొచ్చేవాడు పడతాడు), అద్దాలు, స్టాండు, ఇండికేటర్లు పీకేశా. బ్రేక్ ఆయిల్ దగ్గరకొచ్చేసరికి టైం రాత్రి పదకొండయింది, డబ్బాలోకి చూశా, రంగు బానే ఉంది, బండి కొని ఏడాదేగా అని వదిలేశా. బిల్లులో మాత్రం ఫుల్ బ్రేక్ సర్వీస్ అని రాసిచ్చా. ఇది రాస్తుంటే నాకే సిగ్గేస్తోంది.

రంగు చూస్తే ఏం తెలీదు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, అది దాని గుణం. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 230 డిగ్రీల దాకా మరక్కూడదని రూలు, తేమ పట్టిన దానికి అదే రూలు 155కి దిగిపోతుంది. మనదేమో సముద్రం ఊరు, ఇక్కడ ఉప్పుగాలికి చైను వారం రోజులు వదిలేస్తే తుప్పు కనబడుతుంది, ఆయిల్ లోపల ఏమవుతోందో మాత్రం కనబడదు. బీచ్ రోడ్డులో తిరిగినన్నాళ్ళూ ఏ తేడా రాదు, ఎందుకంటే ఎప్పుడో కుక్క అడ్డొస్తే నొక్కుతాం, మళ్ళీ చల్లారిపోతుంది. ట్రాక్‌లో అలా కాదు, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు, ప్రతి ల్యాపులో గట్టిగా నొక్కాల్సిందే, చల్లారే టైమే ఉండదు. ఆయిల్ మరిగి బుడగలొస్తే మనం నొక్కేది ఆ ఆవిరినే, ప్యాడ్‌ని కాదు.

తమ్ముడికి లేబర్ మొత్తం వెనక్కిచ్చేశా, బెల్లీ పాన్ నా ఖర్చుతో వేశా. వద్దన్నాడు, వినలేదు.

ఇక మీదట ట్రాక్ డేకి (సొంత బండి ట్రాక్‌లో తోలే రోజు) పది రోజుల ముందు బండి షాపులో ఉండాలి. "అన్నా రేపొద్దున్నే వెళ్ళాలి, చూడన్నా" అంటే చూడను, ఎంత కావలసినవాడైనా సరే. బ్రేక్ ఆయిల్ సీసా మీ ముందే సీలు తీస్తా, బ్రేక్ లైన్లో గాలి తీశాక మీరే లివరు నొక్కి చూసుకోండి. రేటు 600 పెరుగుతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఎగ్జాస్ట్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పని చెయ్యను, ఆ డబ్బుతో మంచి టైర్లు, గ్లవ్స్ కొనుక్కోండి. శనివారం రాత్రి బీచ్ రోడ్డులో రేసులకి బండి రెడీ చెయ్యమని వచ్చేవాళ్ళకి షాపు మెట్లు ఎక్కే పనే లేదు.

ఇంకోటి, వెళ్ళొచ్చినవాళ్ళు అందరూ అనేమాట, "ఏటన్నా, రెండో సెషన్‌కే చేతులు పట్టేశాయి". పట్టెయ్యవా మరి, హ్యాండిల్ పట్టుకుని వేలాడితే! బ్రేక్ నొక్కినప్పుడు ఒంటి బరువు తొడల్తో ట్యాంకు మీద ఆపాలి, చేతులు వదులుగా ఉండాలి. చెప్తే ఎక్కదు కాబట్టి ఆదివారం పొద్దున్న ఏడింటికి షాపులో బండిని స్టాండ్ మీద పెట్టి కూర్చోబెడతా, పావుగంట అలా వంగి ఉంటే తొడలే చెప్తాయి ఎంత సత్తా ఉందో. ఫ్రీయే. మిగతా రోజులు కైలాసగిరి మెట్లు ఎక్కండి, లెదర్ సూట్‌లో మద్రాస్ ఎండకి జిమ్ కండలు పనికిరావు, ఊపిరి కావాలి.

బాగానే తిరిగొచ్చాయన్న ఆ నాలుగు బళ్ళవాళ్ళూ ఈ వారంలో ఒకసారి షాపుకి రండి, మంగళవారం తప్ప ఎప్పుడైనా. ఆయిల్ ఫ్రీగా మారుస్తా. మీ బళ్ళకి కూడా రంగు చూసే వదిలేశా.