ఎనిమిది గుహలే చూపడం సబబే

సంపాదకులు గారికి నమస్కారం.

చైనాలో గోబీ ఎడారి అంచున, పాత పట్టుదారిలో (సిల్క్ రోడ్) ఉన్న దున్‌హువాంగ్‌కు వెళ్లి వచ్చిన మనవాళ్లు కొందరు, మొగావో బౌద్ధ గుహల్లో ఎనిమిదింటినే చూపి పంపేశారని, లోపల ఫొటోలు తీసుకోనివ్వలేదని నొచ్చుకుంటున్నారు. నేనూ ఆ గుహలను చూశాను. ఆ నిబంధన పూర్తిగా న్యాయమైనదని నా అభిప్రాయం.

క్రీ.శ. 366లో లెజున్ అనే భిక్షువుతో మొదలై, వెయ్యేళ్ల పాటు భిక్షువులు, వర్తకులు, పాలకులు తొలిపించిన ఆ కొండచరియలో 735 గుహలున్నాయి; వాటిలో 492 గుహల్లో చిత్రాలో విగ్రహాలో నిలిచి ఉన్నాయి. ఆ చిత్రాలు నేరుగా రాతిపై వేసినవి కావు. గులకరాళ్లు కలిసిన రాతిపై గడ్డి కలిపిన మట్టిపూత పూసి, దానిపై వేసినవి. రాతిలో, పూతలో ఉన్న లవణాలు గుహలో తేమ పెరిగినప్పుడు నీరు పీల్చుకుని కరుగుతాయి. గాలి పొడిబారగానే మళ్లీ గడ్డకట్టి, పూతను లోపలి నుంచి నెట్టడంతో రంగు పొరలుగా లేచి రాలిపోతుంది. ఇన్ని శతాబ్దాలు ఎడారి పొడిగాలి కాపాడిన ఆ చిత్రాలకు, ఇరుకు గదిలో గుంపుగా నిలబడిన మన ఊపిరే ముప్పు. 1924లో వార్నర్ అనే అమెరికన్ జిగురు పూసి అక్కడి చిత్రాలను ఊడదీసుకుపోయాడని ఆవేశపడతాం కదా, మన వల్ల జరిగే నష్టాన్ని కూడా అంతే గట్టిగా పట్టించుకోవాలి.

అందుకే అక్కడ రోజుకు 6,000 మందికే పూర్తి సందర్శన టికెట్లు ఇస్తారు. ముందుగా సందర్శక కేంద్రంలో రెండు చలనచిత్రాలు చూపి, ఆ తర్వాతే చిన్న బృందాలుగా, మార్గదర్శి వెంట గుహల్లోకి పంపుతారు. 1963 నుంచి అక్కడే పనిచేసిన పురావస్తు పరిశోధకురాలు ఫాన్ జిన్‌షీ చొరవతో సాగిన డిజిటల్ చిత్రీకరణ ఫలితంగా, 2016 నుంచి 30 గుహలను ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా, తీరిగ్గా చూడవచ్చు.

ఈ సంగతులన్నీ పర్యాటక సంస్థలు ప్రయాణానికి ముందే చెప్పి, టికెట్లు ముందుగా తీసుకుంటే ఎవరికీ నిరాశ ఉండదు. మన అజంతా చిత్రాలూ మట్టిపూతపై వేసినవే. సెలవు రోజుల్లో అక్కడికి మన రాష్ట్రాల నుంచీ ఎన్నో కుటుంబాలు వెళ్తాయి. కేంద్ర పురావస్తు శాఖ అజంతాలోనూ గంటల వారీగా ముందస్తు టికెట్లు, గుహలోకి వెళ్లేముందు చలనచిత్ర ప్రదర్శన తప్పనిసరి చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, గుంటూరు