‘డెడ్‌లైన్’ ఒకప్పుడు నిజంగానే చావుగీత

సంపాదకులు గారికి,

పత్రికల్లో రోజూ కనిపించే ‘డెడ్‌లైన్’ అన్న మాట మొదట కాలానికి సంబంధించినది కాదు. అది నేల మీద ఉన్న హద్దు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864లో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్‌లో దక్షిణాది సైన్యం నడిపిన యుద్ధఖైదీల శిబిరంలో, ఎత్తైన దుంగల ప్రహరీకి సుమారు 19 అడుగుల లోపల పొట్టి గుంజలు పాతి, వాటిపై సన్నని చెక్కబద్దలు కొట్టి ఒక దడి కట్టారు. దాన్ని దాటిన ఖైదీని, కొన్నిసార్లు దాని కిందుగా చెయ్యి చాపినవాణ్ణి సైతం, కావలి సైనికులు కాల్చేసేవారు. ఆ శిబిరంలో దాదాపు 13,000 మంది చనిపోయారు; అయితే వారిలో అత్యధికులను బలిగొన్నవి ఆకలీ రోగాలే గాని తూటాలు కావు. శిబిరాధికారి హెన్రీ విర్జ్‌ను 1865 నవంబరులో ఉరితీశారు.

గడువు అన్న అర్థం మాత్రం 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికా పత్రికా కార్యాలయాల్లో వాడుకకెక్కింది. అంటే ఈ మాటను లోకానికి అలవాటు చేసింది మీ వృత్తివారే! ఇంటిపన్ను కట్టే చివరి తేదీకి సైతం శీర్షికల్లో ‘డెడ్‌లైన్’ అని పెట్టకుండా, అందరికీ తెలిసిన ‘గడువు’ అనే రాయించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గుంటూరు