రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ: కోచ్ కింద ట్యాంకును కడిగిస్తే చాలదు, బాగుచేయించండి

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,

నమస్కారములు.

ప్రయాణికుల కోచ్‌ల కింద మరుగుదొడ్డికి ఒకటి చొప్పున వేలాడే బయో టాయిలెట్ ట్యాంకుల గురించి, పైనుంచి వాటిలోకి దిగే గొట్టాల గురించి, అవి పగిలినప్పుడో పట్టు వదిలినప్పుడో జరగవలసిన మరమ్మతు గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను ప్రయాణికుల కోచ్‌లను చూసుకునే ఒక కోచింగ్ డిపోలో క్యారేజ్ ఫిట్టరుగా చేరి, ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ డిపో పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఈ విషయమంతా ఎవరో ఒక సూపర్‌వైజరు సంజాయిషీ దగ్గర ఆగిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఈ ట్యాంకులను మనం శుభ్రత పద్దులో వేసుకున్నాం, మరమ్మతు పద్దులో వేసుకోలేదు. అందువల్ల ట్యాంకు దుర్వాసన కొడితే కడగడానికి మనిషి దొరుకుతాడు గాని, దాన్ని కోచ్‌కు పట్టి ఉంచే బ్రాకెట్టు చీలితే అతకడానికి మనిషీ, సమయమూ, సామానూ దొరకవు.

ఈ ట్యాంకులు రాకముందు రోజులు నాకు బాగా గుర్తు. పిట్ లైనులోకి, అంటే బండి కింది భాగాలు చూడడానికి పట్టాల మధ్య కట్టిన గోతిలోకి, దిగి బ్రేకు గేరు చూసేటప్పుడు నెత్తిమీద తువ్వాలు చుట్టుకోనివాడు మాలో ఎవరూ ఉండేవారు కాదు, ఎందుకో వివరించనక్కరలేదు. 2012లో అనిల్ కాకోద్కర్ గారి భద్రతా సమీక్ష కమిటీ, కోచ్‌ల నుంచి పడే మలమూత్రాల వల్ల పట్టాలు తుప్పు పడుతున్న సంగతినీ, కింద పనిచేసే సిబ్బంది దురవస్థనూ చెప్పి, బయటికి వదలని మరుగుదొడ్లు రావాలని సిఫారసు చేసింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓతో కలిసి రైల్వే తయారు చేసిన బయో టాయిలెట్లు అప్పటికే పరీక్షల్లో ఉన్నాయి. 2016 జూలైలో రామేశ్వరం–మానామదురై మార్గం మలం పడని మొదటి కారిడార్ అయింది. ఈనాడు రెండున్నర లక్షలకు పైగా ట్యాంకులు దేశమంతా తిరుగుతున్నాయి. ఇది చిన్న పని కాదు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తువ్వాలు తీసి పక్కన పెట్టగలిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అయితే ఒక వస్తువును కోచ్‌కు బిగించిన రోజునే దాని మరమ్మతు కూడా మొదలైనట్టు లెక్క. ఈ ట్యాంకు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టె. లోపల అడ్డగోడలతో గదులుంటాయి. గాలి అవసరం లేని బ్యాక్టీరియా ఆ గదుల్లో మలాన్ని నీరుగా, వాయువుగా విడగొడుతుంది. ఆ వాయువులో మీథేన్ ఉంటుంది. మిగిలిన నీరు క్లోరిన్ తగిలి బయటికి పోతుంది. పైన కమోడ్ నుంచి ట్యాంకు దాకా ఒక వంపు గొట్టం, రబ్బరు కనెక్టరు, దాన్ని పట్టి ఉంచే క్లాంపులు, అడ్డుపడ్డ చెత్తను తీయడానికి ఒక బాల్ వాల్వ్ ఉంటాయి. ఇంట్లో ఇంతకంటే ఎక్కువ పైపులుంటాయి, నిజమే. కానీ ఇల్లు గంటకు నూటపది కిలోమీటర్ల వేగంతో పరిగెత్తదు. పట్టాల మధ్య కంకర ఎగిరి తగిలితే రేకు సొట్టపోతుంది. పశువు అడ్డంపడి ఈడ్చుకుపోతే వాల్వ్ హ్యాండిలు వంగి, అటు మూసుకోక ఇటు తెరుచుకోక మధ్యలో నిలిచిపోతుంది. నెలల తరబడి అదురుకు బ్రాకెట్టు వెల్డింగు దగ్గర వెంట్రుకంత గీత పడుతుంది. ఆ గీత మీద దుమ్ము, తడి కలిసి నల్లగా పేరుకుంటాయి కాబట్టి టార్చి వేసినా కనపడదు. గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడాలి.

రిటైరవడానికి ముందు ఏడాది, ఒక వేసవి రాత్రి, ఉత్తరాది నుంచి వచ్చిన ఒక రేక్‌లో (బండి కోచ్‌ల వరుసను రేక్ అంటాం) అలాంటి ట్యాంకు చూశాను. ఒకవైపు బ్రాకెట్టు పూర్తిగా చీలిపోయింది. ఆ వైపు బరువంతా భద్రత కోసం కట్టే ఇనుప తీగతాడు మీద ఉంది. ఆ తాడు గనక లేకపోతే ఏం జరిగేదో మీకు నేను చెప్పవలసిన పని లేదు. పైన మరుగుదొడ్డి నిండి పొంగుతోందన్న ఫిర్యాదు వల్ల మేము కిందికి దిగాం గాని, బ్రాకెట్టు కోసం కాదు. నాతోపాటు కాంట్రాక్టు మీద వచ్చిన కుర్రవాడు ఒకడు ఉన్నాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో. గ్లవ్స్ మణికట్టు దాకానే ఉన్నాయి. వాడు ఒక పాలిథిన్ సంచిని మోచేతి పైదాకా తొడుక్కుని, రబ్బరు బ్యాండు వేసుకుని, విప్పిన గొట్టంలోకి చెయ్యి పెట్టాడు.

"బాబాయ్, ఏదో గుడ్డ తగులుతోంది," అన్నాడు.

లాగితే వచ్చింది పసిబిడ్డ పొత్తిగుడ్డ. దానికి చుట్టుకుని రెండు గుట్కా పొట్లాలు, ఒక ప్లాస్టిక్ మూత ఉన్నాయి. నాకు గుట్కా పొట్లాల మీద కోపం వచ్చింది గాని, ఆ తల్లి మీద రాలేదు. ఎందుకంటే పైకి వెళ్లి చూస్తే ఆ మరుగుదొడ్డిలో చెత్తబుట్ట లేదు. దాన్ని బిగించిన రెండు మేకుల రంధ్రాలు మాత్రం గోడకు ఉన్నాయి. తడిసిన గుడ్డను చేత్తో పట్టుకుని, చంకలో బిడ్డతో, ఊగే బండిలో ఆమె ఎక్కడికి వెళ్తుంది?

ఇది నా ఒక్కడి అనుభవం అనుకోకండి. 2017లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, 2016-17లో తాను పరిశీలించిన 25 వేలకు పైగా బయో టాయిలెట్లలో దాదాపు రెండు లక్షల లోపాలు నమోదయ్యాయని, అందులో సగానికి పైగా అడ్డుపడి మూసుకుపోవడమేనని తేల్చింది. చెత్తబుట్టలు, మగ్గులు మాయమవడం కూడా ఆ లోపాల్లో ఉంది. 2025లో వచ్చిన మరో కాగ్ నివేదిక ప్రకారం 2022-23లో కోచ్‌లలో నీళ్లు లేవన్న ఫిర్యాదులే లక్ష దాటాయి. నీళ్లకూ ట్యాంకుకూ సంబంధం ఏమిటని కొందరు అడుగుతారు. నీళ్లు చాలకపోతే పడ్డది పడ్డచోటే గొట్టం వంపులో ఎండి గట్టిపడుతుంది. దాన్ని ఇనుప చువ్వతో పొడుస్తారు. ఆ పొడుపుకు రబ్బరు కనెక్టరు లోపలి అంచు చిరుగుతుంది. ఆ చిరుగు నుంచి తర్వాతి ప్రయాణమంతా కారుతూ పోతుంది. అంటే పైన నీళ్లు లేకపోవడం కింద గొట్టం చిరగడంగా మారుతుంది, కానీ మన రిజిస్టరులో ఇవి రెండు వేర్వేరు పేజీల్లో ఉంటాయి.

ఇప్పుడు ఆ రాత్రి చీలిన బ్రాకెట్టు సంగతికి వస్తాను. ఐఐటీలో చదువుకున్న మీకు లోహాల గురించి చెప్పడం సాహసమే, అయినా పని చేసిన చేతితో రాస్తున్నాను. స్టెయిన్‌లెస్ స్టీలును దానికి తగిన స్టెయిన్‌లెస్ తీగతో, వీలైతే టిగ్ అనే వెల్డింగు పద్ధతిలో అతకాలి. అందుబాటులో ఉంది కదా అని మామూలు మైల్డ్ స్టీలు రాడ్డుతో అతికితే ఆ పూటకు నిలుస్తుంది. కొన్నాళ్లకు అతుకు దగ్గర తుప్పు పట్టి, అక్కడే మళ్లీ చీలుతుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. లోపల మీథేన్ ఉండే పెట్టె మీద నిప్పు పెట్టకూడదు. ట్యాంకును ఖాళీ చేయాలి, కడగాలి, మూతలు తీసి గాలి ఆడనివ్వాలి, గ్యాసు లేదని మీటరుతో చూసుకోవాలి, ఆ తర్వాతే వెల్డింగు టార్చి వెలిగించాలి. అతికిన తర్వాత నీళ్లు నింపి కాసేపు ఉంచి, అతుకు పొడవునా పొడి గుడ్డతో అద్ది చూడాలి. చివరికి కొత్త బ్యాక్టీరియా ద్రావణం పోయాలి. ఇవన్నీ సక్రమంగా చేయాలంటే పిట్ లైను మీద రేక్ ఆగే ఆ కొద్ది గంటలు ఏ మూలకూ చాలవు. తెల్లవారితే బండి బయలుదేరాలి. అందువల్ల ఆ రాత్రి మేము చేసింది ఏమిటంటే, ట్యాంకును మరో తీగతాడుతో బిగించి కట్టాం, వాల్వ్ మూశాం, పైన మరుగుదొడ్డి తలుపుకు తాళం వేశాం. "పని చేయడం లేదు" అని చాక్‌పీసుతో రాసింది నేనే. డెబ్బైమందికి పైగా ఎక్కే స్లీపర్ కోచ్‌లో మిగిలినవి మూడు.

కోచ్ చక్రాల్లో లోపం కనపడితే మనం ఇలా చేయం. ఆ కోచ్‌ను విడదీసి, పాడైన కోచ్‌లను బాగుచేసే సిక్ లైనుకు లాగి, లోపమున్న చక్రాల జతను దించి, సిద్ధంగా ఉన్న మరో జతను ఎక్కించి పంపిస్తాం. పాడైనదాన్ని తర్వాత తీరుబడిగా లేతు మీద సరిచేస్తాం. ట్యాంకుకు కూడా ఇదే పద్ధతి పెట్టించండి అన్నదే నా విన్నపం. ప్రతి కోచింగ్ డిపోలో, దాని దగ్గరున్న కోచ్‌ల లెక్కకు తగినన్ని సిద్ధమైన ట్యాంకులు, లీకు పరీక్ష పూర్తయి, వాల్వు బిగించి, ఒక షెడ్డులో ఉండాలి. పాడైనదాన్ని దించాలి, మంచిదాన్ని ఎక్కించాలి. దించినదాన్ని వెలుతురులో, నేల మీద, పగటిపూట, అర్హత పరీక్ష పాసైన వెల్డరు చేత బాగుచేయించాలి; పెద్ద దెబ్బ తగిలినవాటిని లాలాగూడ, తిరుపతి వంటి వర్క్‌షాపులకు పంపాలి. ట్యాంకులన్నీ ఒకే కొలతలతో ఉంటేనే ఇది సాధ్యం కాబట్టి, బ్రాకెట్టు బోల్టు రంధ్రాల మధ్య దూరం తయారీదారు మారినా మారకూడదని టెండరులోనే రాయాలి. రంధ్రాలు కలవక, గ్యాస్ కటరుతో పెద్దవి చేసి బిగించిన ట్యాంకులు నేను చూశాను. చీలిక చాలాసార్లు అలాంటి రంధ్రం అంచు నుంచే మొదలవుతుంది.

రబ్బరు కనెక్టర్లు, క్లాంపులు, వాల్వ్ హ్యాండిళ్లు చిన్న సామాను. బ్రేకు బ్లాకు లేకపోతే బండి కదలదు కాబట్టి అది స్టోర్సులో ఎప్పుడూ ఉంటుంది. క్లాంపు లేకపోయినా బండి కదులుతుంది కాబట్టి దాని ఇండెంటు, అంటే సామాను కావాలని పెట్టిన కోరిక, ఫైలులో నిద్రపోతుంది. క్లాంపు బదులు బైండింగు వైరు చుట్టి పంపిన రోజులు నా సర్వీసులో తక్కువేమీ కావు. కాబట్టి ఈ మూడు వస్తువులనూ తప్పనిసరి నిల్వల జాబితాలోకి తేవలసిందిగా కోరుతున్నాను. వాటితోపాటు చెత్తబుట్టను కూడా, నవ్వకుండా, ట్యాంకు విడిభాగంగానే లెక్కించండి.

ఇక మనిషి సంగతి. చేతితో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం, ఆ పని జరిగే చోట్లలో రైలు పట్టాలను పేరు పెట్టి చెప్పింది. 2014 మార్చిలో ఈ పనిని రూపుమాపడానికి పోరాడే సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు కూడా రైల్వే ఈ పనికి గడువు పెట్టుకుని ముగింపు పలకాలని చెప్పింది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ గారూ, ఆయన వెంట నిలిచిన విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారూ మన తెలుగు జిల్లాల్లో పాయఖానాలు కూల్పించడానికి ఎంత తిరిగారో నా తరంవారికి తెలుసు. పట్టాల మీద ఎత్తే పని ట్యాంకుల వల్ల బాగా తగ్గింది. కానీ ఆ పని ట్యాంకు దాకా వచ్చి, గొట్టం లోపలికి దూరి కూర్చుంది. యంత్రం సాయంతో, నిర్ణీత రక్షణ పరికరాలతో చేసేవారిని ఆ నిర్వచనం కిందికి తీసుకోరాదని చట్టంలో ఒక వివరణ ఉంది. ఆ వివరణ మన శాఖను కాపాడాలంటే పరికరం నిజంగా ఆ కుర్రవాడి దగ్గర ఉండాలి. పాలిథిన్ సంచి రక్షణ పరికరం కాదు. భుజం దాకా వచ్చే గ్లవ్స్, ముఖానికి అడ్డం, పిట్ లైను పక్కన సక్షన్ యంత్రం, పని ముగిశాక సబ్బుతో స్నానానికి వేడినీళ్లు కావాలి. ఇవి కాంట్రాక్టు కాగితంలో ఉన్నాయా అన్నది చాలదు, ఆ రాత్రి షిఫ్టులో ఉన్నాయా అని చూసే బాధ్యత రైల్వే సూపర్‌వైజరు మీద రాతపూర్వకంగా పెట్టాలి.

మరో చిన్న మాట. కంపు ఆపాలని పై నుంచి యాసిడ్, ఘాటైన ఫినాయిల్ పోస్తారు. దానితో లోపలి బ్యాక్టీరియా చచ్చి, ట్యాంకు మామూలు మురుగు డబ్బా అయిపోతుంది. తర్వాత కంపు ఇంకా పెరుగుతుంది, ఇంకా యాసిడ్ పోస్తారు. ఏ ద్రావణం వాడవచ్చో మరుగుదొడ్డి తలుపు లోపలివైపు తెలుగులో, హిందీలో, ఇంకా ఆ బండి పోయే దారిలోని భాషల్లో రాసి పెడితే శుభ్రం చేసేవారికి ఉపయోగం.

రైల్వే సహాయ నంబరు 139కు వచ్చే ఫిర్యాదుల్లో మరుగుదొడ్డికి సంబంధించినవాటిని "శుభ్రం చేయబడింది" అని మూసేస్తున్నారు. అలా మూసేముందు, లోపం చెత్త వల్లనా, నీళ్ల వల్లనా, విరిగిన భాగం వల్లనా అన్న ఒక్క గడి నింపేలా చేయండి. ఏడాది తిరిగేసరికి ఏ డిపోకు ఎన్ని ట్యాంకులు కావాలో ఆ గడే చెబుతుంది. విశాఖ కేంద్రంగా కొత్త జోను డిపోల లెక్కలు, స్టోర్సు జాబితాలు కొత్తగా రాసుకుంటున్న సమయం ఇది కాబట్టి, ప్రయోగం అక్కడ మొదలుపెట్టడం తేలిక అని నా అభిప్రాయం.

ఈ లేఖతో ఒక చేతి గీత జత చేస్తున్నాను. ట్యాంకును పిట్ లైనులో మనుషులు భుజాల మీద మోయకుండా దించడానికి, తుక్కు యాంగిల్ ఇనుముతో, పాత స్క్రూ జాకీతో మేము నలుగురం కలిసి చేసుకున్న ట్రాలీ అది. నేను రిటైరయ్యే నాటికి పని చేస్తూనే ఉంది, ముందు చక్రం ఒకటి కొంచెం కొట్టుకుంటుంది. కొలతలు అంగుళాల్లో వేశాను. డ్రాయింగ్ ఆఫీసువారు మిల్లీమీటర్లలోకి మార్చుకోగలరు.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత క్యారేజ్ ఫిట్టరు