గోట్లాండ్ చరిత్ర వైకింగులతో మొదలవలేదు

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో బాల్టిక్ సముద్రంలో స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవి మీద వచ్చిన వ్యాసం చదివాను. అక్కడి విస్బీ పట్నం కోటగోడ గురించి, 1999లో స్పిల్లింగ్స్ పొలంలో బయటపడిన 67 కిలోల వెండి గురించి బాగా రాశారు. కానీ ఓడ ఆకారంలో పేర్చిన రాళ్లను కూడా వైకింగుల (సుమారు 8–11 శతాబ్దాల నాటి ఉత్తర ఐరోపా సముద్రయోధుల) ఖాతాలోనే వేశారు. అది సరికాదు.

నేను బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో 30 ఏళ్లు పనిచేశాను. కిందటేడు స్టాక్‌హోంలో ఉంటున్న మా అమ్మాయి నన్ను గోట్లాండ్ తీసుకెళ్లింది. ఓడలో మూడు గంటల పైనే పట్టింది. దిగింది మొదలు నా చూపంతా రాళ్ల మీదే. ఇళ్లు, చర్చిలు అన్నీ సున్నపురాయే. ఒడ్డున ఒక ముక్క చేతిలోకి తీసుకుంటే అందులో పగడాలు, గవ్వలు అచ్చుపోసినట్టు ఉన్నాయి. మా నాపరాయిలో అలాంటివి నేనెన్నడూ చూడలేదు. దాదాపు 42 కోట్ల ఏళ్ల కిందట ఆ నేల భూమధ్యరేఖ దగ్గర, వెచ్చని సముద్రం అడుగున ఉండేదట. అంత చలిలో నిలబడి ఆ మాట వింటే ఒళ్లు జలదరించింది.

మంచుయుగంలో మంచు బరువుకు అణిగిన ఆ నేల, మంచు కరిగాక లేవడం మొదలుపెట్టి ఇప్పటికీ కొద్దికొద్దిగా లేస్తూనే ఉంది. ఒకప్పటి తీరాలు ఇప్పుడు ఊళ్ల పక్కన గట్లలా కనిపిస్తాయి. పక్కనున్న స్తూరా కార్ల్‌సో దీవి గుహలో 9 వేల ఏళ్ల కిందటే సీల్ జంతువులను వేటాడినవాళ్లు కాపురమున్నారు.

గోట్లాండ్ పాతకథలు చెప్పే 13వ శతాబ్దపు గ్రంథం గుటాసాగాలో ఒక కథ ఉంది. ఆ దీవి పగలు మునిగి రాత్రి తేలేదట. త్యెల్వర్ అనే అతను నిప్పు తెచ్చాక ఇక మునగలేదట. నేలా నీరూ చోటు మార్చుకోవడం చూసిన జనం చెప్పుకున్న కథ అనే నాకనిపిస్తుంది. త్యెల్వర్ సమాధి అని చూపించే చోట 18 మీటర్ల రాతి ఓడ ఉంది. అది కంచుయుగానిది. వైకింగుల కంటే వెయ్యేళ్లకు పైగా పాతది.

దయచేసి ఆ సవరణ వేయండి. వీలైతే పగడాలున్న ఆ రాయి ఫొటో కూడా దగ్గర నుంచి తీసింది ఒకటి వేయండి.

– ఒక పాఠకుడు, బేతంచెర్ల, నంద్యాల జిల్లా