ఊరి పేరు చెప్పకు

సిరోంచ,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ నాన్న పక్కనే కూర్చుని టీవీ చూస్తున్నాడు. అటు నీ రూంలో ఇంకో ఇద్దరి గొంతులు వినబడుతున్నాయి. అందుకే ఊ, ఊ అని పెట్టేశాను. అమ్మకు కోపం వచ్చినట్టుందని అక్కకు మెసేజ్ పెట్టావట. కొంచెం వచ్చిన మాట నిజమే. అదెందుకో తర్వాత చెప్తా. ముప్పై ఏళ్లకు పైగా ముక్కూమొహం తెలియని వాళ్లతో ఈ సంగతులు మాట్లాడినదాన్ని, కడుపున పుట్టిన కొడుకుతో మాట్లాడాలంటే నోరు రాలేదు. రాస్తుంటే అంత సిగ్గు అనిపించడం లేదు. చదివాక చింపెయ్.

స్టాఫ్ నర్సుగా ఐసీయూలో వేస్తారని ఆశపడితే, లైంగికంగా అంటుకునే జబ్బులు చూసే సురక్షా క్లినిక్‌లో వేశారని, చంద్రపూర్‌లో నీతో చదివిన వాళ్లంతా నవ్వుతున్నారని అన్నావు. నవ్వనీ. నేను నర్సుగా చేరిన కొత్తలో ఆ జబ్బుల వాళ్లు వస్తే మా సీనియర్లు జూనియర్ల మీదికి తోసేవాళ్లు. అలా నా దగ్గరికి వచ్చి పడింది, తర్వాత నేనే వదల్లేదు. మన జిల్లా సంగతి నీకు తెలుసో లేదో. రాణీ బంగ్, అభయ్ బంగ్ డాక్టర్ దంపతులు గడ్చిరోలిలోని రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్ష చేస్తే నూటికి 92 మందికి ఏదో ఒక గర్భసంచి జబ్బో, ఇన్‌ఫెక్షనో ఉందని తేలింది. అంతకుముందు దాని కోసం పరీక్ష చేయించుకున్న వాళ్లు నూటికి ఎనిమిది మంది కూడా లేరు. 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అందులో అన్నీ మగాడి నుంచి అంటుకున్నవి కావు, ఆ మాట కూడా గుర్తుపెట్టుకో. మా ట్రైనింగ్‌లో మేడం ఈ లెక్క చెప్పినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఎప్పుడూ నడుం పట్టుకునే నడిచేది. ఎవరూ ఎందుకని అడగలేదు. నేనూ అడగలేదు.

మన దగ్గర ఆడవాళ్లు తెల్లబట్ట అవుతోందని నేరుగా చెప్పరు. నడుం నొప్పి అంటారు, కంజోరీ, నీరసం అంటారు, కళ్లు తిరుగుతున్నాయంటారు. అవతలి గల్లీ మరాఠీ వాళ్లయితే అంగావరూన్ పాంఢరం జాతం అని కాస్త తొందరగానే బయటపడతారు. ఒకావిడ మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ తన ఆడబిడ్డ కోసమే అడిగింది. నాలుగోసారి నేను, "మీ ఆడబిడ్డకు దురద కూడా ఉందా? విరిగిన పాల ముక్కల్లా పడుతోందా? షుగరేమైనా ఉందా?" అని అడిగాను. ఉంది, ఉంది, షుగర్ మాత్రం ఎప్పుడూ చూపించుకోలేదు అంది. అయితే మీ ఆడబిడ్డను గురువారం పరగడుపున రమ్మను, లేడీ డాక్టరు ఉంటుంది అన్నాను. గురువారం తనే వచ్చింది. ఎవరి గురించి అడిగావని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. షుగరుతో వచ్చిన ఫంగస్ అది, మొగుడికి దానితో సంబంధం లేదు. ముందే సుఖవ్యాధి అని నోరు జారి ఉంటే ఆ ఇంట్లో ఎంత గొడవ అయ్యేదో. అసలు సుఖవ్యాధి అని ఎవడు పేరు పెట్టాడో గానీ, నేను చూసిన ఆడవాళ్లలో ఒక్కరికీ ఆ సుఖం ఏమిటో తెలిసినట్టు లేదు. నువ్వు ఆ మాట వాడకు. బస్టాండు గోడల మీద రాసే గుప్తరోగం అన్న మాట కూడా వద్దు. మూత్రంలో మంట, చీము, పుండు, గజ్జల్లో బిళ్ల, పొత్తికడుపు నొప్పి. వాళ్లు ఏ మాట అంటే ఆ మాటే తిరిగి అను.

రంగు డబ్బాల చార్టు కంఠస్థం వచ్చేసిందన్నావు, సంతోషం. మా కాలంలో మాకూ అవే. మూత్రనాళంలో చీముకు బూడిద రంగు కిట్టు, తెల్లబట్టకు పచ్చది, నొప్పి లేని పుండుకు తెల్లది, పెన్సిలిన్ పడని వాళ్లకు నీలం, నీటిపొక్కులకు ఎర్రది, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో బిళ్లకు నల్లది. అక్షరం రానివాడు కూడా రంగు మర్చిపోడు. కానీ డబ్బా చేతిలో పెట్టి పంపేస్తే పని అయిపోదు. పచ్చ కిట్టు ఇస్తే సారా ముట్టొద్దని ఆడవాళ్లకు కూడా చెప్పు. అందులోని సెక్నిడజోల్ మింగి ఇప్పసారా తాగితే వాంతులు, గుండెదడ రావచ్చు. సూటిగా అడిగితే నేను ముట్టను సిస్టర్ అంటారు. గడ్చిరోలిలో 1993 నుంచి మద్య నిషేధమే కదా, ఎవరు ఒప్పుకుంటారు! అందుకని నేను అడగడమే మానేశాను. "ఈ గోళీలు వేసుకున్న మూడు రోజులు ఇంట్లో ఎవరు ఎంత బతిమాలినా తాగకు" అనేదాన్ని. పసుపు కిట్టు పద్నాలుగు రోజులు. నొప్పి తగ్గిందని నాలుగో రోజే ఆపేసి, మిగిలిన గోళీలు పక్కింటావిడకు ఇచ్చేస్తారు. అందులో డాక్సీసైక్లిన్ ఉంటుంది. ఆ పక్కింటావిడ కడుపుతో ఉంటే? ఇంకొకరికి ఇవ్వొద్దని గట్టిగా చెప్పు.

ఇక నొప్పి లేని పుండుకు, అంటే సిఫిలిస్ జబ్బుకు వేసే పెన్సిలిన్. నిన్న నీ గొంతు వణికింది దీని దగ్గరే. బెంజథీన్ పొడిలో నీళ్లు కలిపితే చిక్కటి పాలలా అవుతుంది. సన్న సూదైతే సగంలో బిగుసుకుపోతుంది, అప్పుడు నువ్వు గట్టిగా నొక్కుతావు, వాడు కేక పెడతాడు. లావు సూది తీసుకో. కలిపిన వెంటనే ఇచ్చెయ్, ఉంచితే గడ్డ కడుతుంది. మొత్తం 24 లక్షల యూనిట్లు, ఒక్కో పిర్రకు 12 లక్షలు, లోతుగా, మెల్లగా. రక్తనాళంలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది, వెనక్కి లాగి చూడకుండా ఒక్క చుక్క ఎక్కించకు. ముందు ఎప్పుడైనా పడలేదా అని అడుగు, వికటిస్తే వేసే అడ్రినలిన్ ట్రేలో పక్కనే పెట్టుకో, అరగంట బెంచీ మీద కూర్చోబెట్టు. ఆ అరగంట వృథా అనుకోకు. లేచి పోలేడు, నొప్పితో వేరే ఆలోచన లేదు, నీకు ఏమైనా చెప్పడానికి అంత మంచి సమయం మళ్లీ దొరకదు. ఆ రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చని, ఒక రోజులో పోతాయని అప్పుడే చెప్పు. చెప్పకపోతే సూది వికటించిందని ఊరంతా చెప్తాడు, తర్వాత ఆ ఊరి నుంచి ఒక్కడూ రాడు. పుండు మందు లేకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానుతుందనీ, అప్పుడు జబ్బు లోపలికి పోతుందనీ కూడా చెప్పు. మూడు నెలలకు, ఆరు నెలలకు రక్తం చూపించుకోవాలి. తారీఖులు చీటీ మీద రాయి, కానీ చీటీ మీద జబ్బు పేరు రాయకు.

పుండు చూసేటప్పుడు నీ మొహం జాగ్రత్త. వాడు నీ చేతులు చూడడు, నీ మొహమే చూస్తుంటాడు. రెండేసి గ్లౌజులు తొడగడం, మాస్కు పైకి లాక్కోవడం వాడి ఎదుట చేయకు. ఆడవాళ్లయితే లేడీ స్టాఫ్ లేకుండా నువ్వు కర్టెన్ లోపలికి పోనే పోకు.

నేను ఒకసారి తప్పు చేశాను. మీ నాన్నకు కూడా చెప్పలేదు. అక్క పుట్టక ముందు సంగతి, అప్పుడు పనిచేసిన చోటు పేరు ఎందుకులే. ఏడో నెల గర్భిణి, సిఫిలిస్ కోసం చేసిన రక్తం రిపోర్టు వచ్చింది. వరండా నిండా జనం, నాకు రెండు డ్యూటీల అలసట. అక్కడి నుంచే, "ఏమమ్మా, నీకు వీడీఆర్ఎల్ పాజిటివ్ వచ్చింది, మీ ఆయన్ను తీసుకురా" అని అరిచాను. ఆ మాట అర్థం ఆమెకు తెలియదు. పక్కన కూర్చున్న ఆమె ఊరావిడకు తెలుసు. ఎర్రంచు చీర కట్టుకుంది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లేచి పోయింది. మళ్లీ రాలేదు. నెలన్నర తర్వాత ఆ ఊరి మంత్రసాని వచ్చి బిడ్డ చచ్చి పుట్టిందని చెప్పింది. అది ఆ జబ్బు వల్లేనని నేను ఒట్టేసి చెప్పలేను. ఆ ఒక్క సూది పడి ఉంటే బిడ్డకు చాలావరకు రక్షణ ఉండేది, అది మాత్రం చెప్పగలను. తర్వాత అంగట్లో కనబడింది ఒకసారి. నన్ను చూసి మిరపకాయల బస్తాల వెనక్కి తిరిగింది. నేనూ పలకరించలేదు.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి వస్తా. నొప్పిలేని పుండుతో వచ్చినవాడు మన తెలుగువాడే అన్నావు. నిన్ను గుర్తుపట్టి ఇంట్లో చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడన్నావు, భార్యకు అయిదో నెల అన్నావు. ఆమెకు నేను ఫోన్ చేసి చెప్పనా అమ్మా అన్నావు. చేయకు. నీ నోటి నుంచి పోకూడదు. హెచ్‌ఐవీకైతే 2017లో చట్టమే వచ్చింది. అక్కడ కూడా భాగస్వామికి చెప్పే అధికారం డాక్టరుకో కౌన్సెలర్‌కో ఉంది, అదీ షరతులతో. స్టాఫ్ నర్సుకు లేదు. అలాగని వదిలేయమనీ కాదు. వాడొక్కడికే సూది వేస్తే నెలలో మళ్లీ నీ బెంచీ మీదే కూర్చుంటాడు, ఈలోపు లోపలున్న బిడ్డ సంగతేమిటి?

ఎవరితో తిరిగావని అడిగావా? అడిగే ఉంటావు, నీకు ఆ తొందర ఉంది. అలా అడిగితే ఎవరూ లేరంటాడు. "ఈ మూడు నెలల్లో నీతో పాటు ఇంకెవరెవరికి మందు అందాలి?" అని అడిగి చూడు. వేళ్లు లెక్కపెడతాడు. మిర్చి తోటకు తెలంగాణ పోయి వచ్చినవాడైతే అక్కడి లెక్క వేరే ఉంటుంది, వాళ్లూ వచ్చి చూపించుకోవడానికి చీటీ ఇచ్చి పంపు. ఎవరు, ఆడా మగా అని మొహం చిట్లించకు.

భార్య దగ్గర ఏమనాలో వాడికి తెలియదు, అందుకే పారిపోతున్నాడు. నువ్వే మాట అందించు. "నా రక్తంలో ఒక ఇన్‌ఫెక్షన్ ఉందట. బిడ్డకు పోకుండా నువ్వు కూడా చూపించుకుని సూది తీసుకోవాలట." ఇందులో అబద్ధం లేదు. వేడి చేసిందనో, సులభ్ కాంప్లెక్సుకు పోతే అంటుకుందనో మాత్రం నేర్పకు, రేపు ఆమె నిన్ను నమ్మదు. నీ ఎదుట రెండుసార్లు ఆ మాట అనిపించు. ఎలాగూ గర్భిణులందరికీ సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు చేస్తారు, ఆ కార్డు తీసుకుని రమ్మను. రిపోర్టు నెగెటివ్ వచ్చినా డాక్టరుకు చూపించు, కొత్తగా అంటుకున్నది రక్తంలో కనబడటానికి టైం పడుతుంది, మొగుడికి ఉన్నప్పుడు రిపోర్టు కోసం ఆగకుండా వైద్యం చేస్తారు. కడుపుతో ఉన్నవాళ్లకు పెన్సిలినే మందు, దానికి బదులు ఇంకోటి పనిచేస్తుందని ఎవరు చెప్పినా వినకు. వాడికి హెచ్‌ఐవీ పరీక్ష కూడా అడుగు, ఒప్పుకుంటేనే. ఇప్పుడు నెగెటివ్ వస్తే మూడు నెలలకు మళ్లీ.

ఒక్కటి మాత్రం. రేపు పేషంటు ఆడమనిషి అయితే ఇదే పాఠం అప్పజెప్పకు. మొగుడికి చెప్పమ్మా అనడం నీకు తేలిక. జబ్బు ముందు ఎవరికి బయటపడితే వాళ్లే తెచ్చారంటారు మన ఇళ్లలో. కొడతాడా అని ముందు అడుగు. కొడతాడంటే కౌన్సెలర్ దీదీ దగ్గరికి తీసుకుపో, చీటీ ఎవరి చేతికి ఇవ్వాలో ఆమే చెప్తుంది.

కండోము డెమో ఇచ్చేటప్పుడు నవ్వు వస్తోందన్నావు. రెండు వారాలు వస్తుంది, తర్వాత పోతుంది. కొబ్బరినూనె రాస్తే రబ్బరు పాడవుతుందని, పర్సులో నెలల తరబడి పెట్టుకోవద్దని చెప్పడం మర్చిపోకు.

ఇక కోపం సంగతి. నిన్న అంతా చెప్తూ చెప్తూ వాడి ఊరి పేరు చెప్పేశావు. పేరు చెప్పలేదు కదమ్మా అంటావు. నూట యాభై ఇళ్ల ఊరు అది, అందులో అయిదో నెల కడుపుతో ఉన్న తెలుగింటి కోడళ్లు ఎంతమంది ఉంటారురా? నీ రూంలో ఇద్దరు విన్నారు, ఇక్కడ నేను విన్నాను. నేను నర్సును కాబట్టి పర్వాలేదనుకున్నావు. రిటైరైన నర్సుకు కూడా చెప్పకూడదు, అమ్మకు అసలే చెప్పకూడదు.

వచ్చే శుక్రవారం మీ పెద్దమ్మ మనవరాలి పెళ్లి ఆ ఊళ్లోనే. పోకపోతే బాగుండదు. పోతాను, అక్షింతలు వేసి, అన్నం తిని వస్తాను. కడుపుతో ఉన్న పిల్ల ఎవరైనా వచ్చి, "సిస్టరమ్మా, బాగున్నావా?" అని నవ్వుతూ చేయి పట్టుకుంటే నా మొహం ఎలా పెట్టుకోవాలో ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాను.

మామిడి తొక్కు సీసా బస్సులో పంపుతున్నా. మూత గట్టిగా ఉంది, గుడ్డ పెట్టి తిప్పు.

అమ్మ