ఎత్తైన విండ్‌షీల్డే మంచిదనుకోవద్దు

సంపాదకులకు,

దూరప్రయాణాలు చేసే మోటారుసైకిళ్లకు పగిలిన విండ్‌షీల్డు మార్చేటప్పుడు చాలామంది ఎత్తైనదే మేలని కొంటున్నారు. కానీ దాని పై అంచు కంటిచూపుకు అడ్డంగా వస్తే వానలోనూ, రాత్రి ఎదుటి వాహనాల వెలుగు దానిపై చెదిరినప్పుడూ దారి సరిగా కనబడదు. కూర్చున్నప్పుడు పై అంచు ముక్కు ఎత్తుకు దగ్గరగా ఉండి, దాని మీదుగా రోడ్డు కనిపించాలి. వంపు కుదరకపోతే గాలి సుడులు తిరిగి హెల్మెట్‌ను అదరగొడుతుంది. షీల్డులు చేసే ప్లాస్టిక్‌లలో అక్రిలిక్ గీతలను కొంత తట్టుకున్నా గట్టి దెబ్బకు పగులుతుంది. పాలీకార్బొనేట్ దెబ్బకు ఓర్చుకుంటుంది గానీ, పైపూత లేకపోతే త్వరగా గీతలు పడుతుంది, అమ్మోనియా ఉన్న క్లీనర్‌తోనో పెట్రోలుతోనో తుడిస్తే పాడవుతుంది. లంబసింగి పొగమంచులోకి ఎత్తైన నల్ల షీల్డుతో వెళ్లేవారి ధైర్యం నాకు అర్థం కాదు. తయారీదారులు పెట్టెపై పదార్థం పేరు, ఎత్తు, సరిపోయే మోడల్ స్పష్టంగా ముద్రించాలి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం